కెప్టెన్ కాగితాల్లో మన మగ్గాల కథ

అది 1795 నవంబరు. 'అమెరికా' అనే ఓడను కలకత్తా రేవుకు తెచ్చిన 25 ఏళ్ల కెప్టెన్ ఒకరు స్వదేశంలోని తన సోదరులకు ఉత్తరం రాశారు. రెండేళ్ల ఏనుగు గున్నను 450 డాలర్లకు కొన్నానని, దానిని ఓడపై ఎక్కించుకుని వస్తున్నానని అందులో తెలియజేశారు. ఈ పన్నాగం చూసి మీరు నవ్వుకుంటారేమో, నాకు పట్టింపు లేదన్నారు. దారిలో కేప్ రేవులోనూ సెయింట్ హెలెనా దీవిలోనూ నీటికి కొరత ఉండదని లెక్క వేశారు. సోదరుడు బెన్ ఈ బేరంలో వాటాకు రాలేదు గనుక, పని ఫలిస్తే అమెరికాకు తొలి ఏనుగును తెచ్చిన ఘనత మొత్తం తనకే దక్కాలని కూడా ముందే చెప్పి ఉంచారు.

ఆ కెప్టెన్ పేరు జేకబ్ క్రౌనిన్‌షీల్డ్. ఏనుగు 1796 ఏప్రిల్‌లో క్షేమంగా న్యూయార్క్ చేరింది. అది 10 వేల డాలర్లకు అమ్ముడుపోయిందని నాటి పత్రికలు రాశాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి దానిని ఊరూరా తిప్పి ప్రదర్శించారు. ఆ ప్రయాణంలో ఓడ దినచర్యను నమోదు చేసిన అధికారి నథానియల్ హాథోర్న్, ఏనుగు కోసం పచ్చి మేత ఎక్కించిన సంగతిని కూడా తన పుస్తకంలో రాసి పెట్టారు. ఆయన కుమారుడే తర్వాతి కాలంలో ప్రఖ్యాత నవలాకారుడైన నథానియల్ హాథార్న్.

ఏనుగు కథ అమెరికా పిల్లల పుస్తకాలకు ఎక్కింది. అయితే ఆ ఉత్తరంతో పాటు భద్రపడిన మిగిలిన కాగితాలు అంతకంటె విలువైనవి. ఓడ యజమానుల ఆదేశాలు, సరుకుల పట్టీలు, జమాఖర్చుల పుస్తకాలు, దళారులతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు, ఇంటికి రాసిన జాబులు వేల సంఖ్యలో ఉన్నాయి. రెండు శతాబ్దాల క్రితం కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల్లో ఏ బట్ట ఎంతకు అమ్ముడుపోయేదో, ఎవరి మాట మీద ఎవరు అప్పు ఇచ్చేవారో అవి చెబుతాయి. ఆ వ్యాపారం ఎందుకు ఆగిపోయిందో కూడా వాటిలో తెలుస్తుంది. నాణ్యత తగ్గి ఆగిన వ్యాపారం కాదది. సుంకాల చట్టం ఒకటి దానిని ఆపింది.

సేలం అనే చిన్న ఊరు

క్రౌనిన్‌షీల్డ్ కుటుంబం స్వస్థలం సేలం. ఇది తమిళనాడులోని సేలం కాదు. అమెరికా ఈశాన్య తీరంలో, మాసచూసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కు ఉత్తరాన ఉన్న రేవు పట్టణం. 1790లో జరిగిన అమెరికా తొలి జనాభా లెక్కల్లో అక్కడి జనసంఖ్య 7,921 మాత్రమే. మన లెక్కలో అది ఒక పెద్ద గ్రామంతో సమానం. అయినా ఆనాటి అమెరికాలోని పది పెద్ద పట్టణాల్లో అదొకటి.

బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం 1783లో ముగిసేసరికి అమెరికా వర్తకులకు ఒక వింత పరిస్థితి ఎదురైంది. అంతవరకూ బ్రిటిష్ ప్రజలుగా వారు వెస్టిండీస్ రేవులకు స్వేచ్ఛగా వెళ్లేవారు. స్వతంత్రులయ్యాక ఆ రేవులు వారి ఓడలకు మూతపడ్డాయి. మరోవంక ఆసియా వ్యాపారంపై ఈస్టిండియా కంపెనీకి ఉన్న గుత్తహక్కు ఇక వారిని కట్టిపడేయలేదు. పడమటి తలుపు మూసుకున్న చోట తూర్పు తలుపు తెరుచుకున్నది. ఫిలడెల్ఫియా నుంచి బయలుదేరిన 'యునైటెడ్ స్టేట్స్' అనే ఓడ 1784 డిసెంబరు 26న పాండిచ్చేరి చేరింది. భారత తీరాన్ని తాకిన తొలి అమెరికా ఓడగా చరిత్రకారులు దానినే పేర్కొంటున్నారు. కొద్ది కాలంలోనే సేలం వర్తకులు ఈ మార్గంలో అందరినీ మించిపోయారు.

ఆ కెప్టెన్ల వయసు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నథానియల్ సిల్స్‌బీ అనే సేలం యువకుడు 1792లో 'బెంజమిన్' ఓడకు కెప్టెన్‌గా బయలుదేరేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. తర్వాతి కాలంలో ఆయన అమెరికా సెనెటర్ అయ్యారు. 1770లో పుట్టిన జేకబ్ క్రౌనిన్‌షీల్డ్ సైతం చిన్న వయసులోనే ఓడల నాయకత్వం చేపట్టి, అనేకసార్లు తూర్పు సముద్రాలు చుట్టి వచ్చారు. 1803 నుంచి ప్రతినిధుల సభలో సభ్యుడిగా ఉన్నారు. అధ్యక్షుడు జెఫర్సన్ ఆయనను 1805లో నౌకాదళ మంత్రిగా నియమించినా, కుటుంబ కారణాల వల్ల ఆ పదవి చేపట్టలేదు. 1806లో విదేశాంగ మంత్రి జేమ్స్ మాడిసన్ కోసం అమెరికా వాణిజ్యంపై సుదీర్ఘమైన పత్రం రాసి ఇచ్చారు. రేవుల్లో స్వయంగా బేరమాడి నేర్చుకున్న సంగతులు ఆ విధంగా ప్రభుత్వ విధాన చర్చలోకి ప్రవేశించాయి. 1808 ఏప్రిల్‌లో, 38వ ఏట, వాషింగ్టన్‌లోనే క్షయవ్యాధితో కన్నుమూశారు.

కట్టలు విప్పితే

కెప్టెన్ కాగితాలంటే తుపానుల వర్ణనలు, సాహస గాథలు ఉంటాయని పాఠకులు ఊహించవచ్చు. వాటిలో అధిక భాగం లెక్కలే. మొదట కనిపించేది ఓడ యజమాని ఇచ్చే ఆదేశపత్రం. ఏ రేవుకు వెళ్లాలి, ఏ సరుకు కొనాలి, ధర అనుకూలించకపోతే మరే రేవు చూడాలి, ఏ దళారిని నమ్మాలి అన్న సంగతులు అందులో ఉంటాయి. అయితే సేలం నుంచి కలకత్తాకు ప్రయాణం నాలుగయిదు నెలలు పట్టేది. ఉత్తరం రాసి జవాబు తెప్పించుకోవాలంటే ఏడాది సరిపోదు. అందుచేత ప్రతి ఆదేశపత్రమూ చివరకు ఒకే మాట దగ్గర ఆగేది. అక్కడి పరిస్థితి చూసి నీకు తోచినట్టు చేయమన్నదే ఆ మాట. కెప్టెన్ ఒక్కడే నావికుడు, కొనుగోలుదారు, బ్యాంకరు, కొన్నిసార్లు దౌత్యవేత్త కూడా. కొన్ని ఓడల్లో కొనుగోలు పనికి సూపర్‌కార్గో అనే ప్రత్యేక వర్తక ప్రతినిధి ఉండేవారు.

తర్వాత వచ్చేవి సరుకు పట్టీలు, నావికుల జీతాల చిట్టాలు, రేవు ఖర్చుల లెక్కలు. ఓడలో కొంత స్థలాన్ని కెప్టెన్‌కు, అధికారులకు సొంత వ్యాపారం కోసం కేటాయించడం ఆనవాయితీ. జీతం కన్నా ఈ సొంత సరుకు మీద వచ్చే లాభమే వారికి ముఖ్యం. జేకబ్ ఏనుగును కొన్నది కూడా అలాంటి సొంత బేరంగానే.

ఇరుగుపొరుగువారి చిన్న పెట్టుబడులు కూడా ఈ లెక్కల్లో కనిపిస్తాయి. ఓడ బయలుదేరే ముందు బంధువులు, వితంతువులు, నావికుల భార్యలు కొద్దిపాటి డాలర్లు కెప్టెన్ చేతిలో పెట్టి, వాటితో తమ పేరిట సరుకు కొని తెమ్మని కోరేవారు. ఓడ తిరిగి వచ్చాక ఆ సరుకు అమ్మి లాభం పంచేవారు. ఓడ మునిగితే ఆ డబ్బు కూడా మునిగినట్టే. ఒక్క ఓడ కోసం ఊరంతా సముద్రం వైపు చూస్తూ కూర్చోవడానికి కారణం ఇదే.

వెండి వెళ్లింది, బట్ట వచ్చింది

భారతదేశానికి అమ్మదగిన సరుకు అమెరికా దగ్గర అంతగా లేదు. మదీరా ద్రాక్షసారా, ఇనుము, రాగి, తారు, ఓడల కలప, పొగాకు వంటివి కొంత మేరకు తెచ్చేవారు. ఓడ అడుగున పెట్టెల్లో వచ్చే అసలు సరుకు స్పానిష్ వెండి డాలర్లు. వెస్టిండీస్, ఐరోపా రేవుల్లో చేపలు, కలప, ధాన్యం అమ్మి సంపాదించిన ఈ వెండిని తెచ్చి ఇక్కడ గుమ్మరించేవారు. బదులుగా నూలు బట్టలు, పంచదార, నీలిమందు, సురేకారం, అల్లం, గోనె సంచులు కొనుక్కుని వెళ్లేవారు. వీటిలో అగ్రస్థానం నూలు బట్టలదే.

1794 నవంబరులో బ్రిటన్, అమెరికాల మధ్య కుదిరిన జే ఒడంబడిక ఈ వ్యాపారానికి చట్టబద్ధమైన ఆధారం కల్పించింది. దాని 13వ అధికరణం ప్రకారం బ్రిటిష్ ఇండియా రేవుల్లో అమెరికా ఓడలు వర్తకం చేయవచ్చు. కొన్న సరుకును మాత్రం నేరుగా అమెరికాకే తీసుకువెళ్లాలి. తీరం వెంట రేవు నుంచి రేవుకు వ్యాపారం చేయరాదు. ఆ సమయంలోనే ఐరోపా యుద్ధాల్లో కూరుకుపోయింది. ఫ్రెంచి, డచ్చి ఓడలు సముద్రం మీద కనిపిస్తే పట్టుబడే పరిస్థితి. తటస్థ దేశపు జెండా ఎగురవేసిన అమెరికా ఓడలకు ఇది సువర్ణావకాశమైంది. 1795-1805 మధ్య కాలంలో భారత్‌తో అమెరికా వ్యాపారం, బ్రిటన్ మినహా మిగిలిన ఐరోపా దేశాలన్నింటి వ్యాపారాన్ని మించిపోయిందని ఆర్థిక చరిత్రకారులు లెక్కగట్టారు.

ఈ బట్టలను అమెరికా రైతులు, నావికులు, కూలీలు ధరించేవారు. మిగిలినవి వెస్టిండీస్‌కూ ఆఫ్రికాకూ తిరిగి ఎగుమతి అయ్యేవి. అక్కడి చెరకు తోటల్లో బానిసల ఒంటి మీద బట్ట, ఆఫ్రికా తీరంలో బానిసల కొనుగోలుకు చెల్లించే బట్ట కూడా అందులో ఉండేదన్నది చేదు నిజం. మన మగ్గాల మీద నేసిన గుడ్డ ఎంత దూరం, ఎలాంటి చేతులు మారి వెళ్లిందో ఈ లెక్కలు దాచకుండా చెబుతాయి.

మాటే పూచీకత్తు

పరాయి రేవులో దిగిన అమెరికా కెప్టెన్‌కు భాష రాదు, ధరలు తెలియవు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల వలె కోటలు, సైన్యం, ఏజెంట్లు లేరు. అమెరికా ప్రభుత్వం 1792లో బెంజమిన్ జాయ్ అనే వర్తకుని కలకత్తాకు కాన్సల్‌గా నియమించినా, కంపెనీ ఆయనను ఆ హోదాలో గుర్తించ నిరాకరించింది. అందువల్ల స్థానిక వర్తకుడే కెప్టెన్‌కు దిక్కయ్యాడు. కలకత్తాలో వీరిని బనియన్లనీ, మద్రాసులో దుబాషీలనీ పిలిచేవారు.

వీరిలో అగ్రగణ్యుడు కలకత్తాకు చెందిన రామ్‌దులాల్ డే. 1752 ప్రాంతంలో పేద కుటుంబంలో పుట్టిన ఆయన ఒక వర్తకుని దగ్గర చిరు జీతానికి గుమాస్తాగా కుదిరారు. యజమాని సొమ్ముతో వేలంలో మునిగిన ఓడ ఒకటి కొని, దానిని వెంటనే లక్ష రూపాయల లాభానికి అమ్మి, ఆ లాభాన్ని దాచుకోకుండా యజమాని ముందుంచారని, మెచ్చుకున్న యజమాని ఆ సొమ్మును ఆయనకే ఇచ్చివేశారని బెంగాల్‌లో చెప్పుకుంటారు. ఆ పెట్టుబడితో ఎదిగిన రామ్‌దులాల్ అమెరికా ఓడల కోసం సరుకు సేకరించి, ధర నిర్ణయించి, అవసరమైతే అప్పు ఇచ్చి, ఓడ నింపి పంపేవారు. సముద్రం అవతల ఉన్న మనుషులకు కేవలం మాట మీద సరుకు అప్పగించడం సామాన్యమైన సంగతి కాదు.

ఆ నమ్మకానికి ప్రతిఫలంగా అమెరికా వర్తకులు ఒక ఓడకు ఆయన పేరు పెట్టారు. 1801లో పలువురు కలసి జార్జి వాషింగ్టన్ నిలువెత్తు తైలవర్ణ చిత్రాన్ని ఆయనకు కానుకగా పంపారు. తమ దేశ తొలి అధ్యక్షుని చిత్రాన్ని, తాము చాలామంది కంటితో చూడని ఒక బెంగాలీ వర్తకునికి సమర్పించుకున్నారన్నమాట. బొంబాయిలో ఇదే స్థానం పార్శీ వర్తకుడు నస్సర్వాన్‌జీ మానెక్‌జీ వాడియాది. ఆయన 1803లో సేలంకు పంపిన తన పార్శీ దుస్తులు అక్కడి నావికుల ప్రదర్శనశాలకు చేరాయి.

మద్రాసు అలలు, తెలుగు పేర్లు

సేలం వాసి డడ్లీ పిక్‌మన్ 1799లో 'బెలిసారియస్' ఓడపై బయలుదేరి కోరమాండల్ తీరానికి, కలకత్తాకు వచ్చారు. ఆ ప్రయాణంలోనూ తర్వాతి ప్రయాణాల్లోనూ ఆయన రాసుకున్న దినచర్య ఈ కాగితాల్లో ముఖ్యమైనది. ఆనాటి మద్రాసుకు రేవు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. కొబ్బరి పీచుతో కుట్టిన మసూలా పడవలు విరుచుకుపడే అలల మధ్య నుంచి మనుషుల్ని, బేళ్లను చేరవేసేవి. మేకు ఒక్కటీ లేని ఆ పడవలే కోట్ల విలువైన వాణిజ్యాన్ని మోశాయి.

ఈ తీరం నుంచి సాగిన వాణిజ్యంలో తెలుగువారి భాగం తక్కువేమీ కాదు. మద్రాసు వర్తకుల్లో, దుబాషీల్లో తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉండేవారు. అంతకంటె ముఖ్యం, మద్రాసు పేరు మీద విదేశాలకు వెళ్లిన బట్టల్లో ఎన్నో తెలుగు జిల్లాల మగ్గాల మీద తయారైనవే. ఆనాటి వర్తక పత్రాల్లో 'వెంటపొల్లం' రుమాళ్లని కనిపించేవి నేటి బాపట్ల జిల్లాలోని చీరాల పక్కనున్న వేటపాలెం రుమాళ్లే. 'మాదపొల్లం' అన్న బట్టకు ఆ పేరు నరసాపురం దగ్గరి మాధవాయపాలెం నుంచి వచ్చింది. ఆ మాట నేటికీ ఆంగ్ల నిఘంటువుల్లో ఉంది. 'పంజమ్' బట్ట మన పుంజమే. పడుగు పోగులను లెక్కించే కొలమానం పుంజం. పుంజాలు పెరిగిన కొద్దీ బట్ట చిక్కనవుతుంది. గోదావరి, విశాఖ ప్రాంతాల నేతగాళ్ల నోటి మాట అలా లండన్ వేలంశాలల దాకా వెళ్లింది.

అయితే ఓడల సరుకు పట్టీల్లో కనిపించేవి బట్టల పేర్లు, దళారుల పేర్లు మాత్రమే. ఎన్ని పీసులు, ఎన్ని బేళ్లు, ఎంత ధర అన్నది పైసలతో సహా ఉంటుంది. ఆ బట్ట నేసిన మనిషి ఎవరన్నది ఉండదు. ఉత్తర సర్కార్లలోని నేతగాళ్లు చాలామంది అప్పటికే కంపెనీ ఇచ్చే బయానాలకు కట్టుబడి ఉన్నారు. బయానా తీసుకున్నాక ఇతరులకు నేయరాదన్నది నిబంధన. విదేశీ కొనుగోలుదారులు ఎందరు వచ్చినా, పెరిగిన గిరాకీ నేతగాని ఇంటి దాకా చేరకుండా మధ్యలోనే ఆగిపోయే ఏర్పాటది.

గజం మీద ఆరుంపావు సెంట్లు

ఈ వ్యాపారానికి తొలి దెబ్బ స్వదేశం నుంచే తగిలింది. బ్రిటన్, ఫ్రాన్సుల యుద్ధంలో అమెరికా ఓడలను ఇరుపక్షాలూ పట్టుకోవడంతో, అధ్యక్షుడు జెఫర్సన్ ప్రభుత్వం 1807 డిసెంబరులో తన ఓడలు విదేశాలకు వెళ్లడాన్నే నిషేధించింది. సేలం రేవులో ఓడలు కట్టేసినట్టు నిలిచిపోయాయి. 1812లో బ్రిటన్‌తో యుద్ధమే వచ్చింది. భారత్‌కు రాకపోకలు ఆగిపోయాయి. 1815లో శాంతి నెలకొన్నాక ఓడలు మళ్లీ కలకత్తాకు బయలుదేరాయి. అయితే ఈలోగా అమెరికాలోనే ఒక మార్పు జరిగిపోయింది.

బోస్టన్ వర్తకుడు ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అంతకు ముందు స్వయంగా భారత బట్టలను దిగుమతి చేసుకున్నవారే. ఇంగ్లండులో మరమగ్గాలను పరిశీలించి వచ్చి, యుద్ధకాలంలో వాల్తామ్ అనే చోట నూలు వడకడం, నేయడం ఒకే కప్పు కింద జరిగే మిల్లు స్థాపించారు. ఆ మిల్లులో తయారయ్యేది ముతక బట్ట. దానికి ప్రధానమైన పోటీ భారతదేశపు ముతక బట్టల నుంచి. ఆ పోటీని తొలగించడానికి లోవెల్ వాషింగ్టన్ వెళ్లి నాయకులను ఒప్పించారు. ఫలితమే 1816 సుంకాల చట్టం.

ఈ చట్టం పైకి న్యాయంగానే కనిపిస్తుంది. నూలు బట్టల మీద సుంకం 25 శాతం. ఏ దేశపు బట్టకైనా ఇదే రేటు. కిటుకంతా మరో నిబంధనలో ఉంది. చదరపు గజం ధర 25 సెంట్లకు తక్కువైతే, దానిని 25 సెంట్లుగానే భావించి సుంకం వేయాలన్నారు. అంటే ఎంత చవక బట్టకైనా కనీసం ఆరుంపావు సెంట్లు చెల్లించి తీరాలి. ఎనిమిది సెంట్లకు కొన్న భారతీయ ముతక బట్టను ఉదాహరణగా తీసుకుంటే, దానిపై పడే భారం 25 శాతం కాదు, 78 శాతం. ఖరీదైన ఇంగ్లీషు బట్టపై మాత్రం పావు వంతే. పేదవాడు కట్టే బట్ట మీదనే ఎక్కువ భారం పడే విధంగా, భారతదేశం పేరు ఎత్తకుండానే భారత సరుకుకు తలుపు మూశారు. 1824లో ఈ కనీస ధరను 30 సెంట్లకు, 1828లో 35 సెంట్లకు పెంచారు.

మన నేతగాళ్ల పతనానికి అమెరికా సుంకమే కారణమనడం సరికాదు. లాంకషైర్ మిల్లు బట్ట, బ్రిటన్ విధించిన సుంకాలు, కంపెనీ విధానాలు చేసిన నష్టం అంతకు ఎన్నో రెట్లు పెద్దది. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ తన వర్తకాన్నే చాలించుకోగా, దాని బయానాల మీద బతికిన నేతగాళ్లు దిక్కులేనివారయ్యారు. అయితే ఒక మార్కెట్టు మూసుకుపోయినప్పుడు మరో మార్కెట్టు ఉన్నవాడు నిలదొక్కుకుంటాడు. ఆ రెండో మార్కెట్టు మూసుకున్న తీరును సేలం కెప్టెన్ల కాగితాలు కళ్లకు కడతాయి.

ఓడ ఎదురు తిరిగింది

సుంకం వచ్చాక సేలం ఓడలు ఆగిపోలేదు, సరుకు మారింది. బట్టల బదులు నీలిమందు, సురేకారం, తోళ్లు, లక్క, గోనె సంచులు కొనసాగాయి. 1833లో 'టస్కనీ' అనే ఓడ బోస్టన్ సరస్సుల మంచుగడ్డను 180 టన్నుల మేర ఎక్కించుకుని కలకత్తాకు వచ్చింది. దారిలో కరిగిపోగా వంద టన్నుల వరకు మిగిలింది. 1842లో మద్రాసు సముద్రతీరాన కట్టిన ఐస్‌హౌస్ ఆ వ్యాపారానికి గుర్తుగా నేటికీ నిలిచి ఉంది. వెండి తెచ్చి బట్ట కొనుక్కుపోయిన దేశం, గడ్డకట్టిన నీటిని తెచ్చి అమ్మి డబ్బు పట్టుకుపోయే స్థితికి వచ్చింది.

అంతకంటె గమనించదగ్గ పరిణామం ఆఫ్రికాలో జరిగింది. తూర్పు ఆఫ్రికా తీరం శతాబ్దాలుగా భారతీయ బట్టకు పెట్టని కోట వంటి విపణి. 1830ల నుంచి సేలం కెప్టెన్లు జాంజిబార్ రేవుకు మాసచూసెట్స్ మిల్లుల్లో నేసిన తెల్లని ముతక బట్టను తెచ్చి, దంతాలకూ లవంగాలకూ మారకం వేయసాగారు. స్వాహిలీ భాషలో ఆ బట్టకు 'మెరికాని' అని పేరే స్థిరపడింది. భారతీయ బట్టతో ధనవంతులైన ఊరే, ఆ బట్టను దాని పాత విపణి నుంచి తప్పించే పనికి పూనుకున్నది. 1839లో సేలంలోనే నామ్‌కీగ్ అనే పెద్ద బట్టల మిల్లు కంపెనీ ఏర్పడింది. ఓడల్లో పెట్టిన డబ్బు మిల్లుల్లోకి మళ్లింది.

కాగితాల ప్రయాణం

ఇన్ని కాగితాలు మిగిలి ఉండటం యాదృచ్ఛికం కాదు. సేలం నావికులు 1799లోనే ఈస్టిండియా మెరైన్ సొసైటీ అనే సంఘం పెట్టుకున్నారు. గుడ్‌హోప్ అగ్రాన్ని గాని, హార్న్ అగ్రాన్ని గాని చుట్టి వచ్చిన కెప్టెన్లకు, సూపర్‌కార్గోలకు మాత్రమే అందులో సభ్యత్వం. మరణించిన సభ్యుల కుటుంబాలను ఆదుకోవడం, దూరదేశాల వస్తువులు సేకరించడం దాని ఆశయాలు. ప్రయాణానికి వెళ్లే సభ్యుని చేతికి ఖాళీ పుస్తకం ఇచ్చి, దారిలో చూసినదంతా రాసి తెమ్మని కోరేవారు. ఆ పుస్తకాలు తర్వాతి కెప్టెన్లకు మార్గదర్శకాలయ్యేవి. 1804 నాటి సంఘం ఊరేగింపులో భారతదేశపు పల్లకి ఒకటి వీధుల్లో కదిలింది. దానిని మోసినవారు భారతీయ వేషం వేసిన నల్లజాతి పౌరులు.

ఆ సంఘం సేకరణే నేటి పీబాడీ ఎసెక్స్ మ్యూజియానికి మూలం. 1992లో రెండు స్థానిక సంస్థల విలీనంతో ఈ మ్యూజియం ఏర్పడింది. క్రౌనిన్‌షీల్డ్ కుటుంబ పత్రాలు, ఇతర కెప్టెన్ల దినచర్యలు దానికి చెందిన ఫిలిప్స్ గ్రంథాలయంలో ఉన్నాయి. మ్యూజియం నిపుణురాలు సుజాన్ బీన్ ఈ దినచర్యల ఆధారంగా 2001లో 'యాంకీ ఇండియా' అనే గ్రంథం వెలువరించారు.

2017 చివర్లో ఈ గ్రంథాలయాన్ని సేలం నుంచి పొరుగున ఉన్న రౌలీ పట్టణానికి శాశ్వతంగా తరలిస్తామని మ్యూజియం ప్రకటించగా స్థానికులు తీవ్రంగా నిరసించారు. తమ ముత్తాతల చేతిరాతలు తమ ఊళ్లోనే ఉండాలన్నది వారి వాదన. వాతావరణ నియంత్రణ, తగినంత స్థలం అక్కడే సాధ్యమన్నది మ్యూజియం సమాధానం. 2018లో రౌలీలో గ్రంథాలయం తెరుచుకున్నది. కొన్ని మైళ్ల దూరానికే ఒక ఊరు అంత ఆందోళన చెందింది. పాత చిట్టాలు ఆ ఊరివారికి ఎంత ఆత్మీయమైనవో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఆ చిట్టాల్లో ఒక పక్షం సేలం అయితే, రెండో పక్షం మనమే. సేలం నగర ముద్ర మీద లాటిన్ భాషలో ఒక వాక్యం ఉంది. సంపన్నమైన ఇండియాల చిట్టచివరి అఖాతం దాకా అని దాని భావం. ఆ సంపదను నేసిన చేతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. వేటపాలెం, చీరాల నేతగాళ్లు 20వ శతాబ్దంలోనూ 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' పేరిట నైజీరియాకు గళ్ల రుమాళ్లు నేసి పంపారు. అప్పుడు కూడా బట్ట మీద వెళ్లింది మద్రాసు పేరే.

2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం అనేక భారతీయ వస్తువులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, తిరుప్పూరు బనియన్ల తయారీదారుల నుంచి ఆంధ్ర తీరంలోని రొయ్యల రైతుల వరకు అందరూ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు. చాలామందికి అది కొత్త అనుభవం. సేలం కాగితాలు చదివినవారికి కాదు. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన ఉత్పత్తిదారుని బతుకు, ఎక్కడో వేల మైళ్ల దూరాన రాసే ఒక చట్టంలోని ఒక్క వాక్యం మీద వేలాడుతుందని 1816 నాటి ఆరుంపావు సెంట్లే చెప్పాయి. ఆనాటి నేతగానికి ఆ చట్టం సంగతి తెలిసే అవకాశమే లేదు. ఆయనకు తెలిసిందల్లా ఆ ఏడాది దళారి రాలేదన్నదే.